దోమ ఫ్లై కట్టే కిట్: గాలాలు భేష్, ఈకలు దండగ

నాగావళిలో పరిగె చేపల కోసం దోమ ఫ్లై (గాలానికి దారం, ఈకలు చుట్టి దోమలా చేసే ఎర) కట్టుకునేవారికి ఈ కిట్ సగమే పనికొస్తుంది. 16వ నంబరు గాలాలు పదునుగా ఉన్నాయి, వంగవు. దారం మాత్రం లావు. ఫ్లై తల ముద్దకట్టి గాలం కన్ను మూసుకుపోతుంది, ఇంక నైలాన్ ఎక్కడ దూరుతుంది? 8/0 నంబరు సన్నని నల్లదారం విడిగా కొనాల్సిందే.

అసలు గోల చారల ఈకలతో. ఈక పోగు పొడవు గాలం మొనకీ కాడకీ మధ్య ఎడానికి ఒకటిన్నర రెట్లుండాలి. ఇవి రెండింతలు దాటాయి, అందుకే ఫ్లై నీటిమీద పక్కకి ఒరుగుతుంది. శ్రీకాకుళంలో కోళ్ల దుకాణాల దగ్గర నలుపు తెలుపు చారల పుంజు కనిపిస్తే మెడ ఈకలు అడగండి, వీటికన్నా నయం. గాలానికి ఆ ఈక మూడు నాలుగు చుట్లు చాలు.

ఫ్లై ఒంటికి చుట్టే ఈక ఈనె పొడిగా ఉంటే చిట్లుతుంది. పావుగంట నానబెట్టి చుట్టి, పైన వార్నిష్ పూయాలి. వార్నిష్ మంచిదే, సీసా మూతే కారుతోంది.