సైకిళ్లున్న ఇంటికి ఏ ఎలక్ట్రిక్ కారు మేలు: ఏడు సీట్ల ఎస్‌యూవీయా, వ్యానా, వెనక రాక్ తగిలించిన ఎస్టేటా?

ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు ముందు రేంజ్ (ఒకసారి ఛార్జ్ చేస్తే వెళ్లే దూరం) చూస్తారు, తర్వాత డిక్కీ ఎన్ని లీటర్లో అడుగుతారు. ఇంట్లో నాలుగు సైకిళ్లు ఉన్నవాళ్లకు ఈ రెండో ప్రశ్న పెద్దగా పనికిరాదు. లీటర్లు సూట్‌కేసులకు సరిపోయే కొలత. సైకిల్‌ను ఎటు తిప్పి పెట్టినా ఒక హ్యాండిలో, ఒక పెడలో బయటికి పొడుచుకొస్తుంది. పెద్దవాళ్ల మౌంటెన్ సైకిల్ పొడవు ఇంచుమించు 1.8 మీటర్లు, హ్యాండిల్ వెడల్పు 75, 80 సెంటీమీటర్లు. పైగా ఈ లీటర్లను కంపెనీలన్నీ ఒకేలా లెక్కేయవు. టెస్లా మోడల్ వై పాత మోడల్‌కు చెప్పే 854 లీటర్లలో ఫ్లోర్ కింద ఉన్న గుంత కూడా కలిసే ఉంది. ఆ గుంతలో హెల్మెట్లు పడతాయి, సైకిల్ పట్టదు.

కాబట్టి కారు సంగతి తర్వాత, ముందు సైకిల్ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలి: పైనా, లోపలా, వెనకా? అది తేలితే కారు దాదాపు తేలిపోయినట్టే.

పైన పెట్టడం గురించి ఎక్కువ మాట్లాడక్కర్లేదు. గాలి అడ్డు వేగం వర్గానికి (స్క్వేర్‌కు) తగ్గట్టు పెరుగుతుంది, అంటే గంటకు 90 కిలోమీటర్ల దగ్గర ఉన్న అడ్డు 120కి వచ్చేసరికి దాదాపు 1.8 రెట్లు అవుతుంది. పెట్రోల్ కారులో ఆ ఖర్చు బిల్లులో కలిసిపోతుంది గానీ, ఎలక్ట్రిక్ కారులో ఎదురుగా స్క్రీన్ మీదే కరిగిపోతూ కనిపిస్తుంది. రూఫ్ మీద మోయగలిగే బరువు చాలా మోడళ్లలో 75, 100 కిలోల దగ్గరే ఆగిపోతుంది, అందులో రాక్ బరువు కూడా కలిసే ఉంటుంది. 25 కిలోల ఎలక్ట్రిక్ సైకిల్‌ను తల మీదికి ఎత్తి పెట్టడం ఒంటరిగా అయ్యే పని కాదు. ఏడాదికి రెండుసార్లు, అదీ మామూలు సైకిళ్లు అయితే సరే.

ఇక ఏడు సీట్ల పెద్ద ఎస్‌యూవీలు. కియా ఈవీ9నే తీసుకుందాం. 5.01 మీటర్ల పొడవు, 99.8 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, యూరప్ పరీక్షల్లో వెనక చక్రాలతో నడిచే మోడల్‌కు గరిష్ఠంగా 563 కిలోమీటర్ల రేంజ్. మనుషులకైతే దీనికి వంక పెట్టలేం. మూడో వరసలో పెద్దవాళ్లు కూడా కూర్చోగలిగే కారు ఇది. అయితే ఆ మూడో వరసలో మనుషులు కూర్చుంటే వెనక మిగిలేది 333 లీటర్లు, అంటే వారం సరుకుల సంచులకు సరిపడా. మూడో వరస మడిస్తే 828 అవుతుంది. సంఖ్య పెద్దదే, కానీ సీట్లు నేలలోకి మడిచాక ఫ్లోర్ ఎత్తుగా వస్తుంది, వెనక అద్దం ఏటవాలుగా దిగుతుంది. సైకిల్‌ను నిలబెట్టడానికి కావాల్సింది ఎత్తు, అదేమో ఇక్కడ తక్కువ. పడుకోబెడితే ఒకటో రెండో, అదీ రెండో వరస కూడా మడిచాక. ఈ కారును సైకిళ్ల కోసం కొనడంలో అర్థం లేదని నా ఉద్దేశం. ఏడుగురు మనుషుల కోసం కొని, సైకిళ్లు వెనక రాక్ మీద పెట్టుకుంటే మాత్రం బాగుంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ మోడల్ యూరప్‌లో 2,500 కిలోల ట్రెయిలర్ లాగగలదు, అయితే రాక్‌కు చూడాల్సిన లెక్క వేరు, అది కింద చెప్తాను.

సైకిల్ లోపలే ఉండాలనుకునేవాళ్లకు వ్యాన్ ఆకారమే కావాలి. ఫోక్స్‌వాగన్ ఐడీ బజ్ పొడుగు మోడల్ 4.96 మీటర్లు, అంటే ఈవీ9 కంటే పొట్టిదే. కానీ గోడలు నిటారుగా లేస్తాయి, కప్పు చివరిదాకా ఒకే ఎత్తులో వెళ్తుంది. మూడో వరస సీట్లను విడిగా తీసి ఇంట్లో పెట్టేయొచ్చు. అప్పుడు ఐదుగురికి సీట్లుండగా వెనక 1,340 లీటర్లు మిగులుతాయి. ఇక్కడ కూడా లీటర్ల కంటే ఆకారమే ముఖ్యం. నలుగురే వెళ్తుంటే రెండో వరసలో ఒక పక్క మడిచి, సైకిల్ సీటు కిందికి దించి, ముందు చక్రం వైపు నుంచి లోపలికి తోయొచ్చు. రెండో సైకిల్‌ను తిరగేసి, మొదటిదాని హ్యాండిల్ పక్కకు దీని వెనక చక్రం వచ్చేలా పెడితే హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలవు. గేర్లు ఉన్న వైపు గోడకు కాకుండా లోపలికి ఉండాలి, మధ్యలో ఒక పాత దుప్పటి పడాలి. చెయిన్ గ్రీజు సీటు గుడ్డకు అంటితే ఇక వదలదు. అన్నిటికంటే ముఖ్యం, ఫ్లోర్ మీదున్న కొక్కేలకు బెల్టుతో బిగించాలి. గట్టిగా బ్రేక్ వేస్తే వదులుగా ఉన్న 15 కిలోల ఇనుము పిల్లల సీట్ల మీదికే వస్తుంది.

పక్కకు జరిగే తలుపుల వల్ల ఇరుకు పార్కింగ్‌లోనూ పిల్లలను ఎక్కించడం తేలిక. సైకిళ్లు లోపలే తాళంలో ఉంటాయి కాబట్టి దారిలో తినడానికి ఆగితే టెన్షన్ ఉండదు. ఇన్ని సుఖాలకు మూల్యం రేంజ్ రూపంలో చెల్లించాలి. ఫోక్స్‌వాగన్‌లోనే ఐడీ7 టూరర్ అనే ఎస్టేట్ (కప్పు వెనకదాకా సాగి, డిక్కీ పొడుగ్గా ఉండే కారు) ఉంది. రెండిటిలోనూ 86 కిలోవాట్ అవర్ల బ్యాటరీయే. ఎస్టేట్‌కు కంపెనీ చెప్పే గరిష్ఠ రేంజ్ 690 కిలోమీటర్లు, బజ్‌కు 500 కూడా దాటదు. తేడా చాలావరకు ఆ పెద్ద ముఖానిదే.

ఆ ఎస్టేటే మూడో దారి. 605 లీటర్ల డిక్కీ, సీట్లు మడిస్తే 1,714. సాధారణ రోజుల్లో సన్నటి కారు, సెలవు రోజు మాత్రం టోబార్ (కారు వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీద రాక్. నలుగురున్న ఇంటికి నేను చెప్పేది ఇదే. వెనక పెట్టిన సైకిళ్లు చాలావరకు కారు నీడలోనే ఉంటాయి కాబట్టి రూఫ్ మీద పెట్టినంతగా రేంజ్ తినవు, నడుము ఎత్తుకు లేపితే చాలు.

కానీ ఇక్కడ రెండు మెలికలున్నాయి, షోరూములో ఎవరూ వాటిని తమంతట తాము చెప్పరు. మొదటిది, టోబార్ మీద నిలువుగా ఎంత బరువు పడొచ్చనే లెక్క. ఇది లాగగలిగే బరువుకు పూర్తిగా వేరు. ఈ తరగతి కార్లలో సాధారణంగా 75 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది. నాలుగు సైకిళ్ల రాక్ బరువు 25 కిలోలు, రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు 50, పిల్లల సైకిళ్లు రెండూ కలిపి 18 అనుకుంటే మొత్తం 93. పరిమితి 75 అయితే కథ అక్కడే అయిపోతుంది. ఎలక్ట్రిక్ సైకిళ్ల బ్యాటరీలు తీసి లోపల పెడితే ఒక్కోదానికి మూడు కిలోల దాకా తగ్గుతుంది, అయినా 75లోకి రాదు. ఈ 93 కిలోలు కారు మోయగలిగే మొత్తం బరువులోంచి కూడా పోతాయి. చాలా ఎలక్ట్రిక్ కార్లలో ఆ మొత్తం 500 కిలోల దగ్గర్లోనే ఉంటుంది, ఐదుగురు ఎక్కితే అందులో సగం దాటిపోతుంది.

రెండోది ఛార్జింగ్ పోర్ట్. ఈవీ9, బజ్, ఐడీ7 మూడిటికీ అది వెనక కుడివైపు, టెస్లాకు వెనక ఎడమవైపు. అంటే కారును రివర్స్‌లో ఛార్జర్ దగ్గరికి తేవాలి. వెనక మూడు సైకిళ్లు వేలాడుతుంటే అంత దగ్గరికి రాలేరు, పొట్టి కేబుల్ అందదు. ముందునుంచి వెళ్తే కేబుల్ కారు పొడవంతా దాటి రావాలి. కార్లు ఒక పక్కనుంచి వచ్చి మరో పక్కనుంచి వెళ్లిపోయే స్టేషన్లు దారిలో ఎక్కడున్నాయో ముందే చూసుకోవాలి, లేదా రాక్ విప్పి మళ్లీ బిగించుకోవాలి. వర్షంలో ఆ పని చేసినవాళ్లకు పోర్ట్ ముందున్న కారంటే గౌరవం పుడుతుంది. 2025లో వచ్చిన కియా పీవీ5 వ్యాన్‌కు పోర్ట్ ముందు భాగంలోనే ఉంది. 4.7 మీటర్లలోపే పొడవు, పెట్టె లాంటి ఆకారం, ఫ్లోర్ కూడా కిందికే ఉంటుంది. పెద్ద బ్యాటరీ మోడల్‌లోనూ అది 71.2 కిలోవాట్ అవర్లే కాబట్టి దూరప్రయాణాలకు రెండో ఆలోచన అవసరం, ఊరి చుట్టుపక్కల తిరిగేవాళ్లు మాత్రం బజ్ కంటే ముందు దీన్ని చూడొచ్చు.

ఇక్కడ చెప్పిన మోడళ్లు అన్ని దేశాల్లోనూ దొరకవు, అంకెలు కూడా మోడల్ ఏడాదిని బట్టి మారతాయి. మీకు దొరికే కార్లలో ఇదే ఆకారం, ఇదే లెక్క వెతకండి. నా వరస ఇది: వారంవారం సైకిళ్లతో బయటికెళ్లే ఇల్లయితే వ్యాన్, నెలకోసారి వెళ్లే నలుగురికి ఎస్టేట్, టోబార్. మనుషులే ఏడుగురైతే పెద్ద ఎస్‌యూవీ, దానికీ టోబార్ తప్పదు. టోబార్ కారుతోపాటే ఆర్డర్ చేయండి, తర్వాత బిగించే వీలు లేని మోడళ్లు ఉన్నాయి.

టెస్ట్ డ్రైవ్‌కు ఇంట్లో అన్నిటికంటే పెద్ద సైకిల్, పిల్లల సీటు వెంట తీసుకెళ్లండి. సేల్స్‌మన్ నవ్వితే నవ్వనివ్వండి. పిల్లల సీటు బిగించి, ముందు సీటు మీ ఎత్తుకు సర్దుకున్నాక సైకిల్ లోపలికి తోసి చూడండి. లోపల పట్టకపోతే రాక్ తగిలించి ఉన్న కారు చూపించమని అడిగి, సైకిళ్లతో సహా రాక్‌ను వంచినప్పుడు డిక్కీ తలుపు పూర్తిగా పైకి లేస్తుందో లేదో అక్కడే తేల్చుకోండి. తలుపు పెద్దదైన కొద్దీ రాక్ అంత ఎక్కువగా వంగాలి, బజ్ లాంటి వాటికి అన్ని రాకులూ సరిపోవు.