హోంలోన్ ఉన్నవాళ్లకు ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్: మాకు ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ రాలేదు

రేటింగ్: ఐదుకు మూడున్నర. నిబంధన ఉండి బ్యాంకు దాన్ని పట్టించుకోకపోతే ఈ పోర్టల్ నిజంగా పనిచేస్తుంది. వాయిదాలు తప్పి, నోటీసు చేతికొచ్చిన ఇంటికి మాత్రం ఇక్కడ దొరికేది తక్కువ. మా కుటుంబంలో రెండూ జరిగాయి కాబట్టి రెండూ రాస్తున్నాను.

నేను కాకినాడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. 2021 మొదట్లో ఒక బ్యాంకులో 30 లక్షలు తీసుకున్నాం. 20 ఏళ్లు, 6.7 శాతం వడ్డీ, ఈఎంఐ దాదాపు రూ.22,700. తర్వాత 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి పోయింది. మా లోన్ రెపోకి ముడిపడినదే. వడ్డీ 9.2 అయింది గానీ ఈఎంఐ రూపాయి కూడా పెరగలేదు. మా ఆయన "మన బ్యాంకోళ్లు మంచోళ్లే" అని సంబరపడ్డారు. నాకు అనుమానమొచ్చి స్టేట్‌మెంట్ తెప్పించాను. నెలకి వడ్డీకే రూ.21,800 దాకా పోతోంది. అసలులో జమయ్యేది తొమ్మిది వందల చిల్లర. ఇంకా 216 నెలలు ఉండాల్సిన అప్పు 420 నెలలు దాటి కనిపిస్తోంది. అంటే ఇంకో 35 ఏళ్లు! అప్పు తీరేనాటికి మా ఆయనకి ఎనభై దగ్గర పడతాయి. ఈ మార్పు గురించి మాకు ఒక్క ఎస్సెమ్మెస్ కూడా రాలేదు.

బ్రాంచికి వెళ్తే "సిస్టమే అలా చేస్తుందండి మేడమ్, మా చేతుల్లో ఏం లేదు" అన్నారు. వాళ్ల చేతుల్లోనే ఉందని 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ చెబుతోంది. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంచెం కొంచెం పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్లని అడగాలి. బ్యాంకు పాలసీ ప్రకారం ఫిక్స్‌డ్ రేటుకి మారే వీలివ్వాలని కూడా ఉండేది, 2025 అక్టోబరు నుంచి అది బ్యాంకు ఇష్టం. ఎంత వడ్డీ, ఎన్ని వాయిదాలు మిగిలాయి అన్నది మూణ్నెల్లకోసారి స్టేట్‌మెంటుగా ఇవ్వాలి. నెలనెలా వచ్చే వడ్డీకి ఈఎంఐ చాలక అప్పు పెరిగిపోయే స్థితి రానివ్వకూడదు. పాత లోన్లకి కూడా 2023 డిసెంబరు 31 లోపు ఇవన్నీ వర్తింపజేయాలి. ఇంత మంచి నియమం కాగితం మీద ఉంది, అడిగినవాళ్లకే అందుతోంది. నాకు బాధ కలిగించేది అదే.

పోర్టల్ సంగతికొస్తాను. నేరుగా అందులోకి వెళ్లి ఫిర్యాదు పెడితే తీసుకోరు. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వాలి, 30 రోజులు ఆగాలి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా అప్పుడు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అధికారి) దగ్గరికి పోవచ్చు. నా ఉత్తరం రెండో కాపీ మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకున్నాను. ఆ ముద్రే నాకు ఆధారమైంది. నోటి మాటతో వచ్చేసినవాళ్లకి 30 రోజుల లెక్క ఎప్పుడు మొదలైందో చూపించే దారి ఉండదు.

2021 నవంబరులో వచ్చిన ఈ ఏకీకృత అంబుడ్స్‌మన్ పథకంలో ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఫోన్ నంబరుకి ఓటీపీ, బ్యాంకు పేరు, ముందు ఎప్పుడు ఫిర్యాదు చేశాం, ఏ కాగితాలు జత చేస్తున్నాం, అంతే. 14448కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. నాకు ఎక్కడ ఏం నొక్కాలో ఓపిగ్గా చెప్పిన ఆ అమ్మాయికి కృతజ్ఞతలు. ఫిర్యాదు చేరాక బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. మా బ్యాంకు అంతదాకా ఆగలేదు, బ్రాంచి నుంచే ఫోన్ వచ్చింది. మేనేజరు గారు కుర్చీ వేయించి మరీ కాగితం ముందు పెట్టారు. ఈఎంఐ నాలుగు వేల మూడొందలు పెంచుకుంటే పాత గడువుకే అప్పు తీరుతుంది. పెంచకపోతే మొత్తం మీద ఇంకో 37 లక్షలు ఎక్కువ కట్టాలి. పిల్లాడి ట్యూషన్ తగ్గించి పెంచుకున్నాం. కష్టంగానే ఉంది, కానీ ఆ నిర్ణయం మేం తీసుకున్నది. 2025లో రెపో తగ్గుతూ వచ్చినప్పుడు మూణ్నెల్లలోపే మా వడ్డీ కూడా తగ్గింది. అదీ సరిచూసుకున్నాను.

ఇక మా తోడికోడలు. మా మరిది రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజరు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచాక షిఫ్టులు పడిపోయాయి, జీతం సగమైంది. మూడు ఈఎంఐలు తప్పాయి. 90 రోజులు దాటేసరికి ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ, అయింది. తర్వాత, కోర్టుకి పోకుండానే తాకట్టు ఇల్లు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం 13(2) కింద నోటీసు: 60 రోజుల్లో మొత్తం బాకీ కట్టాలి. "అక్కా, ఇల్లు తీసేసుకుంటారా?" అని నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

వాళ్ల లోన్ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీది. అలాంటి కంపెనీల ఫిర్యాదులు ఆర్‌బీఐ పోర్టల్లోకి రావు, అలాంటి కంపెనీల్ని పర్యవేక్షించే నేషనల్ హౌసింగ్ బ్యాంకు వాళ్ల గ్రిడ్స్ పోర్టల్లో వేయాలి. ఈ తేడా ఎంతమందికి తెలుసు? అక్కడ వేశాం, ఒక మేలు జరిగింది. 2024 ఏప్రిల్ నుంచి వాయిదా తప్పితే జరిమానా వడ్డీ వేయకూడదు, చార్జీ మాత్రమే వేయాలి, ఆ చార్జీ మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. వీళ్ల స్టేట్‌మెంటులో చార్జీని అసలులో కలిపేశారు. అది వెనక్కి వచ్చింది. కానీ ఆవిడ అడిగింది అది కాదు. జీతం కుదుటపడేదాకా ఈఎంఐ తగ్గించి గడువు పెంచమని అడిగింది. అది ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం అని తేల్చేశారు.

పోనీ బ్యాంకు లోనైతే? అప్పుడూ అంతే. బ్యాంకు 'వాణిజ్య నిర్ణయం' మీద ఫిర్యాదు తీసుకోకూడదని అంబుడ్స్‌మన్ పథకంలోనే రాసి ఉంది. అప్పుని మళ్లీ సర్దుబాటు చేయాలా వద్దా అన్నది ఆ కోవలోకే పోతుంది. నేను ఒకటిన్నర మార్కు తగ్గించింది ఇక్కడే. నోటీసు ఇచ్చే ముందు ఆ ఇంటి ఆదాయం, ఖర్చు కూర్చుని చూసి, ఏదో ఒక దారి రాసిచ్చాకే 13(2)కి వెళ్లాలని చట్టంలో ఉండాలి. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. ఐర్లండ్‌లో 2008 తర్వాత ఇళ్ల ధరలు కూలి వేలాది కుటుంబాలు బాకీపడితే, కోర్టుకి పోయే ముందు బ్యాంకు ఆ ఇంటివాళ్ల లెక్కలు తీసుకుని ప్రత్యామ్నాయాలు పరిశీలించి తీరాలని అక్కడి సెంట్రల్ బ్యాంకు నియమావళి పెట్టింది. 1992 నుంచీ నడుస్తున్న మ్యాబ్స్ అనే ఉచిత ప్రభుత్వ సేవ ఉంది, అప్పులపాలైనవాళ్ల తరఫున వాళ్లే అప్పిచ్చినవాళ్లతో మాట్లాడతారు. మన జిల్లా కేంద్రంలో అలాంటి మనిషి ఒక్కరుంటే మా తోడికోడలు అన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపేది కాదు.

చివరికి ఆవిడకి అక్కరకొచ్చింది పోర్టల్ కాదు, అదే చట్టంలోని 13(3ఎ). నోటీసు అందాక మన అభ్యంతరం రాసి పంపితే 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, నెలకి ఎంత కట్టగలమో రాసిన కాగితం జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. కంపెనీ పిలిచి రెండేళ్లు గడువు పెంచింది, తప్పిన వాయిదాల్ని ఆ గడువులో సర్దింది. పిలవకపోయుంటే, వాళ్లు స్వాధీనానికి దిగాక 45 రోజుల్లో విశాఖలో డీఆర్‌టీకి (రుణ వసూళ్ల ట్రిబ్యునల్) వెళ్లాల్సి వచ్చేది, దానికి లాయరు ఖర్చు వేరే.

నోటీసు వచ్చి ఉంటే ఈ రోజే దాని మీద తేదీ చూసుకోండి. 60 రోజులు అందిన రోజు నుంచి కాదు, నోటీసు తేదీ నుంచి లెక్క.