చార్టర్ పునరుద్ధరణ: ఐదేళ్లా, రెండేళ్లా?

కాలిఫోర్నియాలో పర్యావరణ చదువు నేర్పే నగర చార్టర్ హైస్కూలుకు (ప్రభుత్వ నిధులతో, చార్టర్ అనే గడువున్న అనుమతి మీద స్వతంత్రంగా నడిచే బడి) పునరుద్ధరణలో ఎన్నేళ్ల గడువు దక్కుతుందనేది, 2019 నాటి ఏబీ 1505 చట్టం ప్రకారం, ప్రధానంగా డ్యాష్‌బోర్డ్ (పరీక్ష మార్కుల వంటి వాటిని బట్టి ప్రతి బడి పనితీరును రాష్ట్రం రంగుల్లో చూపే పట్టిక) రంగుల మీద ఆధారపడుతుంది. మధ్య శ్రేణి బడికి ఐదేళ్లు. అట్టడుగు శ్రేణికి మామూలుగా తిరస్కరణే. దిద్దుబాటు ప్రణాళికతో పాటు చదువులో ఎదుగుదలకు గానీ, హైస్కూలు తర్వాతి కాలేజీ చదువుల్లో మంచి ఫలితాలకు గానీ గట్టి రుజువు చూపితేనే రెండేళ్లు.

ఐదేళ్లుంటే తోట, సోలార్ పాఠాలు నిలదొక్కుకుంటాయి. రెండేళ్లయితే కుదురుకునేలోపే మళ్లీ పిటిషన్ రాయాలి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: ఎన్ని కిలోల కంపోస్టు చేసినా రంగు మారదు. అందుకే కంపోస్టు గుంట వేడిని రోజూ కొలిచి గ్రాఫు గీసే పని గణితం క్లాసులో భాగం కావాలి.

పిటిషన్ అందాక 60 రోజుల్లో బహిరంగ విచారణ, 90 రోజుల్లో నిర్ణయం. అనుమతిచ్చే బోర్డు సిబ్బంది నివేదిక, ఆ నిర్ణయం తీసుకునే సమావేశానికి 15 రోజుల ముందే బయటికొస్తుంది. దానికి జవాబు అప్పుడే సిద్ధం చేసుకోవాలి.