రెండేళ్లు వాడిన పిల్లల స్కేట్లు: చక్రం విప్పి చూశాకే డబ్బులివ్వండి

మా పాప ఇన్‌లైన్ స్కేట్లు (చక్రాలన్నీ ఒకే వరసలో ఉండేవి) కొని మొన్న డిసెంబరుకి రెండేళ్లయింది. కొత్తల్లో మా అపార్ట్‌మెంట్లో ఎవరడిగినా సైజు పెంచుకునే బటన్ గురించే చెప్పేదాన్ని. ఇప్పుడు అడిగితే మాత్రం డబ్బా అడుగున చిన్న కవర్లో పడి ఉండే అలెన్ కీ గురించి చెప్తున్నాను. ఎల్ ఆకారంలో చిటికెన వేలంత ఉంటుంది, 4 ఎం.ఎం.ది. చాలామంది డబ్బాతో పాటే పారేస్తారు. నేనూ పారేసేదాన్నే, అప్పుడు మూడేళ్లున్న మా బాబు ఆడుకోడానికి దాచుకోకపోతే. ఈ రెండేళ్లలో మా ఇంటికి వచ్చిన పెద్ద సంతోషం ఆ కీ వెంటే వచ్చింది. అందుకే దాని సంగతి రాస్తున్నాను. రంగులు, చక్రాల కొలతలు డబ్బా మీదే ఉంటాయి.

పాపకి స్కేటింగ్ మీద మనసు పడింది 2023లో. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన అమ్మాయిలు 3000 మీటర్ల రిలేలో కాంస్యం గెలిచారు, అదే రోజు అబ్బాయిలూ గెలిచారు. మా ఆయన ఆ వీడియో ఫోన్లో చూపిస్తే, ఒక అక్క ఇంకో అక్కని వెనక నుంచి తోసి పంపించే చోట ఆపి ఆపి చూసింది. అప్పుడు దానికి ఆరేళ్లు. మా విశాఖలో శివాజీ పార్కు స్కేటింగ్ రింకుకి తీసుకెళ్తే మొదటి నెల అరువు స్కేట్లతోనే నేర్చుకుంది. ఆ తర్వాత కోచ్ గారు సైజు మార్చుకునేవి కొనమంటే 2,600 పెట్టి ఇవి కొన్నాం.

మా ఆయనకి పోర్టులో షిఫ్టులు. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం నాదే బాధ్యత. స్కూటర్ ముందు బాబు, వెనక పాప, కాళ్ల దగ్గర హెల్మెట్టూ ప్యాడ్లూ ఉన్న సంచి. పాప రింకులో తిరుగుతుంటే బాబుకి గట్టు మీద కూర్చోబెట్టి అన్నం పెట్టేదాన్ని. ఆదివారం పొద్దున్న మాత్రం బీచ్ రోడ్డు. ఆ టైములో బండ్లు ఆపేస్తారు కాబట్టి పిల్లలకి రోడ్డంతా వాళ్లదే. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలెట్టి వుడా పార్కు దాకా పోయి, తిరిగొచ్చేటప్పుడు బండి దగ్గర ఇడ్లీ తినేవాళ్లం. ఆ ఆదివారాలంటే నాకు ఇప్పటికీ ప్రాణం. స్కేట్లకి చేటు వచ్చింది కూడా అక్కడి నుంచే.

పోయిన ఏడాది కార్తీక మాసం చివర్లో ఒక ఆదివారం. రాత్రంతా గాలి వీచి బీచ్ రోడ్డు మీద సన్నటి ఇసుక పరుచుకుని ఉంది, పైగా తుంపర. పాప ఆగనంది, ఆడింది. ఇంటికొచ్చాక చక్రాల నిండా ఇసుక చూసి, స్కేట్లని బాత్‌రూమ్ కుళాయి కింద పెట్టి శుభ్రంగా కడిగాను. పైపైన తుడిచి, సంచిలో పెట్టి, బాల్కనీలో తగిలించాను. తప్పు అక్కడే జరిగింది, చేసింది నేనే. సముద్రానికి ఇంత దగ్గరలో ఉంటూ, మా బాల్కనీ గ్రిల్లుకి ఏటేటా పెయింటు వేయిస్తూ కూడా, ఇనుము సంగతి ఆ పూట తట్టలేదు.

బుధవారం రింకులో పాప రెండు చుట్లు తిరిగి నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నా ఎడమకాలు నా మాట వినట్లేదు" అంది. కాలు నొప్పేమోనని నొక్కి చూశాను. నొప్పి కాదు. చక్రాలు తిప్పితే కర్‌కర్‌మని ఇసుక నమిలిన చప్పుడు. ఎడమ స్కేటులో మూడో చక్రం అసలు తిరగడమే లేదు. తిరగని చక్రం నేల మీద ఈడ్చుకుపోయి ఒక పక్క రూపాయి బిళ్లంత మేర చదునుగా అరిగిపోయింది. వచ్చే ఆదివారం రింకు పిల్లల మధ్య పోటీ ఉంది. నెల నుంచి దానికోసమే ఎదురుచూస్తోంది పిల్ల. కొన్న కొట్టుకి ఫోన్ చేస్తే, కొన్నరోజు "ఎబెక్-7 బేరింగులు మేడమ్, మూడేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్న మనిషే, చక్రాల సెట్టు మొత్తం మార్చాలి, 1,800 అవుతుంది, సరుకు రావడానికి పది రోజులు పడుతుంది, బేరింగులకి వారంటీ ఉండదు అని చెప్పాడు. బేరింగంటే చక్రం సాఫీగా తిరగడానికి లోపల పెట్టే ఉక్కు గుండ్ల చుట్టు, ఎబెక్ అంటే దాని గ్రేడు. నాకు డబ్బుల కంటే ఆ పది రోజుల మాటే ఎక్కువ బాధ కలిగించింది. పాప అది విని ఏడవలేదు, స్కేట్లు ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చుండిపోయింది.

ఇక్కడ మా మావయ్యగారి గురించి చెప్పాలి. హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. పాప స్కేటింగ్ ఆయనకి నచ్చలేదు. "పడితే పళ్లూడిపోతాయి, మనకెందుకమ్మా ఈ ఆట" అని నాతో చాలాసార్లు అన్నారు. ఒక్కసారి కూడా రింకుకి రాలేదు. ఆ రాత్రి పాపని చూసి టీవీ కట్టేసి, కళ్లజోడు పెట్టుకుని, "ఏటమ్మా అది, ఇలగియ్యి ఓసారి" అన్నారు. ఎలా విప్పాలో నాకు తెలీదు. బాబు పరిగెత్తుకెళ్లి తన బొమ్మల బుట్టలోంచి ఆ కీ తెచ్చిచ్చాడు.

హాల్లో పేపరు పరిచి కూర్చున్నారు. కీ పెట్టి తిప్పితే ఇరుసు స్క్రూ వచ్చేసింది, చక్రం చేతిలోకి ఊడొచ్చింది. చక్రానికి అటొకటి ఇటొకటి రెండు బేరింగులు, మధ్యలో చిన్న గొట్టం ముక్క. తిరగని చక్రంలోంచి బేరింగు బయటికి తోస్తే ఇటుకపొడిలా తుప్పు రాలింది. మావయ్యగారు బొటనవేలితో దాని అంచు తుడిచి లైటు కింద పెట్టి చదివారు: 608 జెడ్ జెడ్. ఆయన మొహం వెలిగిపోయింది. "ఇదేటి కొత్తదనుకున్నాను. డ్రిల్లు మిషన్లో ఉండేదేనమ్మా! లోపల 8, బయట 22, దళసరి 7 ఎం.ఎం. ఊరంతా దొరుకుతాది." స్కేట్ల బేరింగంటే స్కేట్ల కొట్లోనే దొరుకుతుందనుకున్న నాకు ఆ ఒక్క మాటతో ఊపిరి వచ్చింది.

మొత్తం ఎనిమిది చక్రాలూ విప్పేశారు. పదహారు బేరింగులూ స్టీలు పళ్లెంలో వరసగా పేర్చి, ఒక్కోటీ వేలికి తొడిగి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. పదకొండు బాగున్నాయి, మూడు గరగరమంటున్నాయి, రెండు బిగుసుకుపోయాయి. జెడ్ జెడ్ అంటే రెండు వైపులా రేకు మూత అట. "ఈ రేకు ఉంది సూడు, నీళ్లని లోనకి రానిస్తాది, బయటికి పోనియ్యదు" అని పాపకి చెప్పారు. గరగరమన్న మూడింటినీ ఎప్పటిదో దాచుకున్న కిరోసిన్లో, హార్లిక్స్ మూతలో నానబెట్టి, తిప్పి తిప్పి మురికి కక్కించి, గుడ్డ మీద ఆరబెట్టి, ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె వేశారు. అవి బతికాయి. మిగతా రెండింటి మీదా ఆశ లేదు. రాత్రి తొమ్మిది దాటింది, ఏ కొట్టూ ఉండదు.

అప్పుడు పాప లేచి వెళ్లి మా బావగారి అబ్బాయి వదిలేసిన ఫిడ్జెట్ స్పిన్నర్ తెచ్చింది, 2017లో పిల్లలందరూ వేలి మీద తిప్పిన బొమ్మ. "తాతయ్యా, దీన్లో కూడా ఇలాంటి గుండ్రందే ఉంది కదా" అంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మధ్యలో ఒకటి, రెక్కల్లో మూడు. పెన్ను వెనక భాగంతో నొక్కితే రెక్కలోది టప్పున ఊడిపడింది. చక్రంలో పెట్టారు, సరిగ్గా కూర్చుంది. అదీ 608యే! రెండోది కూడా తీసి పెట్టి, స్క్రూ బిగించి, అరచేత్తో చక్రాన్ని ఒక్క తోపు తోశారు. చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. ఇంటిల్లిపాదీ అది ఆగేదాకా కళ్లార్పకుండా చూశాం. పాప తాతయ్య మెడ చుట్టూ చేతులు వేసేసింది.

ఆదివారం పోటీకి మావయ్యగారు మొదటిసారి రింకుకి వచ్చారు, చొక్కా జేబులో కీ పెట్టుకుని. పాప నాలుగో స్థానంలో వచ్చింది. దిగగానే ముందు ఆయన దగ్గరికే వెళ్లింది.

బొమ్మలోంచి తీసినవి ఎక్కువ రోజులు నమ్ముకునేవి కావు. వాటిలో గ్రీజు దాదాపు ఉండదు, అందుకే వేళ్ల మీద అంతసేపు తిరుగుతాయి, అందుకే తొందరగా తుప్పు కూడా పడతాయి. ఆ వారంలోనే మావయ్యగారు పాత ఊళ్లో తనకి తెలిసిన బేరింగుల కొట్టుకి పాపని వెంటబెట్టుకెళ్లి పదహారూ కొత్తవి తెచ్చారు, 608-2ఆర్‌ఎస్. ఒక్కోటి 40 చొప్పున 640 రూపాయలు. వీటికి రేకు బదులు రబ్బరు మూతలు. సూదితో మెల్లగా లేపి లోపల శుభ్రం చేసి, గ్రీజు పెట్టి మళ్లీ మూసేయొచ్చు. వేగం ఒక పిసరు తగ్గిందంది పాప, రెండ్రోజుల్లో అలవాటైపోయింది. ఎబెక్-7 అన్న మాట మీద నేను పెట్టుకున్న గౌరవం కూడా ఆరోజే కొంత తగ్గింది. ఆ అంకె బేరింగుని ఎంత కచ్చితమైన కొలతకి చేశారో చెప్తుంది తప్ప, ఉప్పుగాలికి ఎంతకాలం ఆగుతుందో చెప్పదు.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం మా హాల్లో పేపరు పరుస్తారు. చక్రాలు లోపలి అంచు వైపు ఎక్కువ అరుగుతాయి కాబట్టి ఒకటోదాన్ని మూడో చోటికి, రెండోదాన్ని నాలుగో చోటికి మార్చి, పక్క కూడా తిప్పి పెడతారు. ఇప్పుడిదంతా పాపే చేస్తుంది, ఆయన చూస్తారంతే. బాబు పని స్క్రూలు ఎనిమిదీ మూతలో వేసి లెక్కపెట్టడం. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి: బలంకొద్దీ బిగిస్తే స్క్రూ తలలో ఆరు పలకల గుంత గుండ్రంగా అరిగిపోయి కీ జారిపోతుంది. మాకు ఒకటి అలా పోయింది. తడి తగిలితే ఇప్పుడు కడగం. పొడిగుడ్డతో తుడిచి, చక్రాలు విప్పి ఫ్యాను కింద పెడతాం. సంచిలో పెట్టి బాల్కనీలో తగిలించడం మానేశాను. రింకులో మిగతా పిల్లల తల్లులు కూడా "అంకుల్, ఒక్కసారి చూస్తారా" అని స్కేట్లు తెస్తున్నారు. ఆయన కాదనరు.

నేను అంతగా మెచ్చుకున్న సైజు బటన్ గురించి కూడా నిజం చెప్పాలి. బొటనవేలు దగ్గర బటన్ నొక్కి లాగితే నాలుగు సైజులు పెరుగుతుంది, అబద్ధం కాదు. అయితే పెరిగేది పొడవే, వెడల్పు కాదు. మా పాప పాదం వెడల్పు. మూడో గడికి వచ్చేసరికి చిటికెన వేలి దగ్గర ఎర్రగా కందిపోవడం మొదలైంది, మందం మేజోళ్లతో సర్దుకుంటున్నాం. చివరి గడిలో ముందు భాగం కాస్త కదిలినట్టు ఉంటోందని కూడా అంటోంది. నాలుగు సైజులంటే నాలుగేళ్లు అని లెక్కేసుకున్నాను నేను. మాకు రెండేళ్ల పైచిలుకు వచ్చింది, దానికి ఫిర్యాదు లేదు.

కొనమంటానా అంటే, మా లెక్కలో కొనమంటాను. మేం పెదవాల్తేరులో ఉంటాం, సముద్రం గాలి ఇంట్లోకి వస్తుంది. సముద్రానికి దూరంగా ఉండి, రింకు తప్ప ఇంకెక్కడా ఆడని పిల్లలకి అసలు బేరింగులే బాగా మన్నొచ్చు. మా ఇంట్లో ఫిట్టరు ఉన్నారు, ఆయనకి ఓపిక ఉంది. పాపది వారానికి మూడు రోజుల ఆట. జిల్లా, రాష్ట్ర పోటీలకి వెళ్లే పిల్లలైతే కాలికి సరిపోయే ఒకే సైజు బూటుకే రావాలి, మా కోచ్ గారు ఆ మాట ఇప్పుడిప్పుడే అంటున్నారు. ఏ కంపెనీవి కొన్నా ఒకటి చేయండి. డబ్బులిచ్చే ముందు కొట్లోనే ఒక చక్రం విప్పి చూపించమనండి. మరీ చవకవాటిలో చక్రాన్ని రివిట్ కొట్టి బిగించేస్తారు, దాన్ని తాతయ్యలెవరూ విప్పలేరు. స్క్రూ ఉంటే, బేరింగు మీద 608 అని ఉంటే, ధైర్యంగా తెచ్చుకోండి. కీ ఉన్న కవరు మాత్రం పారేయకండి. మాది ఇప్పుడు బీరువా తాళాల పక్కనే మేకుకి వేలాడుతోంది.

పాపకి ఇవి ఈ వేసవి దాకా వస్తాయి. బాబుకి ఐదు నిండాయి. పోయిన ఆదివారం చక్రాలు బిగించాక, బటన్ నొక్కి మళ్లీ మొదటి గడికి తోసి వాడి కాలికి తొడిగి చూశాం. మడమ వెనక ఇంకా వేలు దూరేంత ఖాళీ ఉంది. ఉగాది దాకా ఆగమన్నారు మావయ్యగారు. వాడు రోజూ పొద్దున్నే లేచి కాలు పెట్టి కొలుచుకుంటున్నాడు.