రాండీ మాస్ జెర్సీలు మూడు చేయించా, గవర్నర్‌పేట ప్రింటింగ్ షాపు రివ్యూ

విజయవాడలో ఐపీఎల్ జెర్సీ, మెస్సీ జెర్సీ ఏ సందులో అడిగినా ఇస్తారు గానీ అమెరికన్ ఫుట్‌బాల్‌ది కావాలంటే మనమే చేయించుకోవాలి. గవర్నర్‌పేటలో మేడ మీదున్న ఓ చిన్న షాపులో చేయించా. రెండు అదిరిపోయాయి, ఒకటి మొదట దెబ్బకొట్టింది.

రాండీ మాస్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్. అంటే లైన్ చివర నిలబడి, ఆట మొదలవగానే డిఫెండర్‌ని దాటేసి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బాల్‌ని గాల్లో పట్టుకునేవాడు. విసిరేవాడు సరిగ్గా లేకపోతే రిసీవర్ ఎంత తోపైనా స్కోరు పడిపోద్ది. షాపు అన్న డిజైన్లు చూసి "ఒక్కడికే మూడు రంగులూ మూడు నంబర్లూ ఏంటి తమ్ముడూ" అనడిగాడు, అడిగాడు కదాని మొత్తం చెప్పా, పాపం మెషిన్ ఆపి మరీ విన్నాడు.

పర్పుల్ 84 మిన్నెసోటా వైకింగ్స్‌ది. కాలేజీ రోజుల గొడవల వల్ల 1998 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, 21వ పిక్ దాకా ఎవరూ తీసుకోలేదు, డల్లాస్ టీమ్ కూడా వదిలేసింది. అదే ఏడాది థ్యాంక్స్‌గివింగ్ పండగ రోజు అదే డల్లాస్ మీద పట్టినవి 3 బాల్స్, మూడూ టచ్‌డౌన్లే (బాల్‌ని అవతలి చివరి గీత దాటించి కొట్టే స్కోరు), 163 గజాలు! తొలి సీజన్లోనే 17 టచ్‌డౌన్లు. ఈ జెర్సీలో పర్పుల్ షేడ్ కరెక్టుగా పడింది, నంబర్ చుట్టూ సన్నటి గోల్డ్ బోర్డర్ ఎక్కడా చెదరలేదు, చంకల దగ్గర కుట్లు కూడా గట్టిగా ఉన్నాయి.

నలుపు 18 ఓక్లాండ్ రైడర్స్‌ది, 2005లో అక్కడికి ట్రేడ్ చేశారు. టీమ్ గెలవదు, బాల్ సరిగ్గా రాదు, 2006లో మొత్తం సీజన్‌కి 42 క్యాచ్‌లు, 3 టచ్‌డౌన్లు. పని అయిపోయింది, ముసలోడైపోయాడు అన్నారు. ఇది ఎవరూ కొనరు, కానీ నాకు ఇదే ముఖ్యం, పడిన రోజులు పక్కన పెట్టేసి మంచి రోజులే వేసుకుంటే అభిమానం ఏముంది చెప్పండి. తేడా కొట్టింది కూడా ఇక్కడే. సబ్లిమేషన్‌లో రంగుల్ని పేపర్ మీద ప్రింట్ తీసి వేడితో తెల్ల పాలిస్టర్ గుడ్డలోకి ఎక్కిస్తారు, అందులో ఈ నంబర్‌కి కావాల్సిన వెండి మెరుపు రాదు, బూడిద రంగులో వచ్చింది. ముందే చెప్పాల్సింది కదన్నా అంటే ఒప్పుకున్నాడు, వాదించలేదు, నల్ల గుడ్డ తీసుకుని సిల్వర్ వినైల్ షీట్ కట్ చేసి హీట్ ప్రెస్ పెట్టి కొత్తది ఇచ్చాడు, మళ్లీ చేసినందుకు ఎక్స్‌ట్రా తీసుకోలేదు. ఎండలో చూస్తే ఆ 18 మెరుస్తుంది.

నేవీ బ్లూ 81 న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌ది. 2007లో ఓక్లాండ్ వాళ్లు డ్రాఫ్ట్‌లో ఒక్క నాలుగో రౌండ్ పిక్‌కి ఇచ్చేశారు, అంత చవగ్గా! అక్కడి క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ విసరడం మొదలుపెట్టాక అదే మనిషి 23 టచ్‌డౌన్లు పట్టాడు, 1987లో ఇంకో రిసీవర్ జెర్రీ రైస్ పెట్టిన 22 రికార్డు పోయింది. లీగ్ దశ చివరి మ్యాచ్‌లో న్యూయార్క్ జెయింట్స్ మీద 65 గజాల పాస్‌కి ఆ 23వది వచ్చింది, బ్రేడీకి అదే 50వ టచ్‌డౌన్ పాస్. లీగ్‌లో 16 మ్యాచ్‌లూ గెలిచి చివరికి ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో అదే జెయింట్స్ చేతిలో 17-14తో ఓడిపోయారు, నాకు ఇప్పటికీ మింగుడు పడదు. 2010లో ఒకే సీజన్లో మూడు టీములు మారాడు, 2018లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు.

సబ్లిమేషన్ జెర్సీ 550, వినైల్ నంబర్‌తో 700 తీసుకున్నాడు. సైజు మాత్రం ఒక నంబర్ పెద్దది చెప్పండి, వాళ్ల ఎల్ మనకి ఎం లాగా ఉంటుంది. క్రికెట్ టోర్నమెంట్ల సీజన్లో వెళ్తే మీ ఆర్డర్ వెనక్కి పోద్ది, ఆ టైంలో వెళ్లకండి. వినైల్ ఉన్నదాన్ని తిరగేసి చల్లనీళ్లలో ఉతకండి, నంబర్ మీద ఇస్త్రీ పెట్టారంటే ఊడొచ్చేస్తుంది. ఫార్టీనైనర్స్ టీమ్ ఎరుపు 84 కూడా ఆర్డర్ చెప్పి వచ్చా, 2012లో రిటైర్‌మెంట్ నుంచి తిరిగొచ్చి ఆడింది అందులోనే.