ఇమ్యునోథెరపీలో ఒక మందా, రెండు మందులా: ఏది మేలు?

మా చిన్నాయనకు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముదిరిందని తేలాక తిరుపతిలో డాక్టర్ రెండు దారులు చెప్పారు. రెండూ ఇమ్యునోథెరపీయే, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం. నివోలుమాబ్ అనే మందు ఒక్కటే ఎక్కించడం, లేదంటే దానికి ఇపిలిముమాబ్ అనే ఇంకో మందు జత చేయడం. "రెండైతే బలం ఎక్కువ కదన్నా, అదే వేయిద్దాం" అన్నాడు తమ్ముడు.

బలం ఎక్కువే. ముదిరిన మెలనోమా ఉన్నవాళ్ల మీద చేసిన చెక్‌మేట్ 067 అనే ట్రయల్‌లో పదేళ్ల తర్వాత రెండు మందుల వాళ్లలో 43 శాతం, నివోలుమాబ్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 37 శాతం బతికున్నారు. తేడా ఇంతే, కానీ తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్స్ ఒక మందుతో సుమారు పావు వంతు మందికి వస్తే, రెండింటితో సగం మందికి పైగానే వచ్చాయి. ఎందుకంటే ఈ మందులు రోగనిరోధక కణాల బ్రేకులు తీసేస్తాయి, ఒకటి పీడీ-1 అనే బ్రేకును, ఇంకోటి సీటీఎల్ఏ-4ను, రెండూ ఒకేసారి పోతే ఆ కణాలు క్యాన్సర్‌తో ఆగక పేగులు, కాలేయం, థైరాయిడ్, ఊపిరితిత్తుల మీద కూడా పడతాయి.

మేం రెండూ వేయించాం. రెండో డోసు తర్వాత పలమనేరులో చిన్నాయనకు విరేచనాలు పట్టుకున్నాయి. కీమోలో లాగా జుట్టు రాలలేదు, వాంతుల్లేవు, కాబట్టి ఇది మందు వల్లేనని ఎవరికీ తట్టలేదు. చిన్నమ్మ మజ్జిగన్నం పెట్టి, మెడికల్ షాపు మాత్రలిచ్చి, ఎన్నిసార్లు వెళ్లాడో దేవస్థానం క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టింది: మొదటి రోజు నాలుగు, మూడో రోజు తొమ్మిది. అప్పుడు నాకు ఫోన్ చేసింది. పేగు వాపు. స్టిరాయిడ్ ఎక్కించారు, తర్వాత మాత్రలు ఆరు వారాలు కొంచెం కొంచెంగా తగ్గించారు. బాగుందని మధ్యలో మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

నా మాట అడిగితే, జబ్బు మెదడుకు పాకినా, వేగంగా పెరుగుతున్నా రెండు మందులకే మొగ్గు. కీళ్లవాతం లాంటి జబ్బు ముందే ఉన్నవాళ్లకు, ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషి లేనివాళ్లకు, ఆస్పత్రికి మూడు గంటల దూరంలో ఉండేవాళ్లకు ఒక మందుతో మొదలుపెట్టడమే మంచిదనిపిస్తుంది, డాక్టర్‌తో ఈ దూరం సంగతి కూడా చెప్పండి.

సైడ్ ఎఫెక్ట్ వచ్చి రెండో మందు ఆపేస్తే వైద్యమంతా వృథా అయిందని మేం ఏడ్చాం. అలా మధ్యలో ఆపినవాళ్లలోనూ ఫలితం దాదాపు నిలిచిందని తర్వాత తెలిసింది. చిన్నాయన ఇప్పుడు నివోలుమాబ్ ఒక్కటే తీసుకుంటున్నాడు, ఈ మందుల వల్ల థైరాయిడ్ కూడా దెబ్బతింది, అందుకే పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర, అది జీవితాంతం తప్పదు. రెండుసార్లు విరేచనమైనా చిన్నమ్మ వెంటనే నాకు ఫోన్ చేస్తుంది.