పెళ్లి కార్డులో పేర్లకు స్క్రిప్టా, బోల్డ్ ఇటాలిక్ సెరిఫా?

తిరుపతిలో డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుకు అక్షరాలు కూర్చే పని, చేస్తాను. ముహూర్తాలు మొదలయ్యాయంటే రోజూ ఇదే మాట: "అన్నా, ఇంగ్లీషు పక్క పేర్లు స్టైలుగా రావాల." స్టైలంటే నా దగ్గర రెండు దారులు. మెలికలు తిరిగే స్క్రిప్ట్ ఫాంట్ ఒకటి, టైమ్స్ న్యూ రోమన్ లాంటి సెరిఫ్‌లో, అంటే గీతల కొసల్లో చిన్న పాదాలుండే ఫాంట్‌లో, బోల్డ్ ఇటాలిక్ ఇంకొకటి. నా ఓటు రెండోదానికే, అదీ పేర్ల వరకే.

ఇటాలిక్ అంటే అక్షరాన్ని పక్కకు వంచడం అనుకుంటారు. కాదు. 1500 ప్రాంతంలో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చుకూటం కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో దాన్ని అప్పటి చేతిరాత చూసి చెక్కాడు. అందుకే చిన్న 'ఏ' రూపమే మారుతుంది, 'ఎఫ్' తోక గీత కిందికి దిగుతుంది. దానికి లావు, గీతల కొసల్లో సెరిఫ్ పాదాలు తోడైతే చేతిరాత సొగసూ ఉంటుంది, అచ్చు గట్టిదనమూ ఉంటుంది.

స్క్రిప్ట్ పొట్టి పేర్లకు అందమే. కవరు మీద రెండు ఇనీషియల్స్‌కైతే నేనూ అదే వాడతాను. కానీ మన పేర్లు పొట్టివా? వెంకట సాయి లక్ష్మీ ప్రసన్న అని కొట్టి చూడండి, పందిరెక్కిన మల్లెతీగలా ఉంటుంది. పైగా గరుకు కార్డు మీద గోల్డ్ కలర్ స్క్రీన్ ప్రింటింగ్ అంటే ఆ సన్న గీతలు అక్కడక్కడా తెగుతాయి. లావు అక్షరం నిలబడుతుంది. బొడోని అనే సెరిఫ్ ఫాంట్ మాత్రం వద్దు, బోల్డ్‌లోనూ దాని సన్న గీతలు వెంట్రుకలే.

"పేర్ల వరకే" అని ఎందుకన్నానంటే, ఒకసారి కార్డంతా బోల్డ్ ఇటాలిక్‌లో పెట్టాను, ఫోన్ నంబర్లు కూడా, 8 పాయింట్ల సైజులో. ఇంకు పరుచుకుని 3, 8 ఒకేలా పడ్డాయి. పెళ్లికూతురి మేనమామకు రావాల్సిన ఫోన్లన్నీ మదనపల్లె టమాటా మండీలో ఎవరికో పోయాయి. ఆ మండీ ఆయన రెండు రోజులు ఓపిక పట్టి, "అయితే నన్నూ పిలిచినట్టేనా?" అన్నాడట. అప్పట్నుంచి అడ్రసూ నంబర్లూ నిటారు అక్షరాల్లోనే, 10 పాయింట్లకు తగ్గకుండా.

తెలుగు పక్క ఇటాలిక్ బటన్ జోలికే పోవద్దు. మన ఫాంట్లలో చాలావాటికి విడిగా ఇటాలిక్ గీసి ఉండదు, సాఫ్ట్‌వేరే అక్షరాన్ని తోసి వాలుస్తుంది. ఒత్తులు ఎడమకు జరిగి ముందు అక్షరం కింద దూరతాయి. పైన బోల్డ్ కూడా నొక్కితే థ కడుపులో చుక్క పూడిపోయి దశరథ కాస్తా దశరధ అవుతాడు. లావు కావాలంటే రామభద్ర ఫాంట్ ఉండనే ఉంది.

మొన్న చంద్రగిరి నుంచి వచ్చినాయన స్క్రిప్ట్‌లో ఒకటి, బోల్డ్ ఇటాలిక్‌లో ఒకటి తీసిన రెండు ప్రూఫులూ వాళ్లమ్మ చేతికిచ్చాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు. కాసేపు చూసి, బోల్డ్ ఇటాలిక్ మీద వేలు పెట్టింది. "ఇది పేరు మాదిరి ఉండాది. అది ముగ్గు మాదిరి ఉండాది."